డిఫిబ్రిలేటర్ లీడ్ పేటెంటు, “ఇది తెలిసిందే కదా” అనే అభ్యంతరం: చెన్నై పేటెంట్ ఆఫీసులో నా అనుభవం

గుండెలో అమర్చే లీడ్ మీద పేటెంటుకు దరఖాస్తు పెడితే కొత్తదనం దగ్గర పెద్దగా ఇబ్బంది రాదు. అచ్చం అలాంటి లీడే ఇంతకుముందు ఉందని చూపించే పత్రం దొరకడం అరుదు. గొడవంతా ఇన్వెంటివ్ స్టెప్ దగ్గరే. ఒక పత్రంలోని గొట్టం, ఇంకో పత్రంలోని రంధ్రం కలిపితే మీ లీడే కదా, ఇందులో మీరు కనిపెట్టిందేముంది అంటారు. ఆ అభ్యంతరాన్ని మొదటి నోటీసు నుంచి ఆర్డరు దాకా పేటెంట్ ఏజెంటుగా నడిపిన ఒక ఫైలు గురించి ఇక్కడ రాస్తున్నాను. క్లయింటు బెంగళూరులోని చిన్న డివైస్ కంపెనీ. కర్ణాటక దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకే వస్తాయి, ఆంధ్ర, తెలంగాణవి కూడా అంతే. క్లయింటును గుర్తుపట్టే వివరాలు, కొలతలు మార్చాను. వాదన నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

ముందు వస్తువు సంగతి. ఇది తెలియకపోతే వాదన అర్థం కాదు.

డిఫిబ్రిలేటర్ లీడ్ అంటే, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చేందుకు భుజం కింద చర్మం లోపల జేబులా చేసి పెట్టే యంత్రం నుంచి సిర గుండా కుడి జఠరికలోకి దిగే సన్నటి తీగ. 7 ఫ్రెంచ్ లీడ్ అయితే లావు 2.3 మిల్లీమీటర్లు, ఎందుకంటే 3 ఫ్రెంచ్ ఒక మిల్లీమీటరు. అంత సన్నటి సిలికాన్ గొట్టంలో పొడవునా నాలుగైదు రంధ్రాలుంటాయి. వాటిని లూమెన్లు అంటారు. ఒకదాంట్లో చుట్టతీగ ఉంటుంది, అమర్చేటప్పుడు స్టైలెట్, అంటే లీడ్‌ను దారిలో నడిపే గట్టి తీగ, దాంట్లోంచే వెళ్తుంది. మిగతా వాటిలో కేబుళ్లు. కేబుల్ అంటే నికెల్, కోబాల్ట్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఎంపీ35ఎన్ మిశ్రలోహపు పోగులు, లోపల వెండి, పైన ఈటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ పూత. కేబుళ్లు గొట్టం మధ్యలో ఉండవు, పక్కన ఉంటాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. గొట్టం వంగినప్పుడు వంపు బయటివైపు కేబుల్‌కు పొడవు చాలదు, లోపలివైపు కేబుల్‌కు పొడవు మిగిలిపోతుంది. కేబుల్ సాగదు కాబట్టి లంగా బొందులా లూమెన్‌లో ముందుకీ వెనక్కీ జారుతూ గోడను ఒరుసుకుంటుంది. నిమిషానికి 70 చొప్పున గుండె రోజుకు లక్షసార్లు పైనే కొట్టుకుంటుంది, పదేళ్లకు 36 కోట్ల పైమాట. సిలికాన్ శరీరానికి పడుతుంది గానీ రాపిడికి తట్టుకోదు. లోపలి నుంచి బయటికి అరిగి కేబుల్ గొట్టం బయటికి తొంగిచూడడం లోకానికి తెలిసిన సమస్యే. సెయింట్ జూడ్ వారి రియాటా లీడ్ల విషయంలో 2011 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని క్లాస్ 1 రీకాల్‌గా, అంటే అన్నిటికన్నా తీవ్రమైనదిగా వర్గీకరించింది. అంటే మా దరఖాస్తు ప్రయారిటీ తేదీ (మొదటిసారి దాఖలు చేసిన తేదీ, పాతదేదో కొత్తదేదో తేల్చేది దాన్నిబట్టే) నాటికి సమస్య కొత్తది కాదు. మాకు బలం కూడా, బలహీనత కూడా అదే అయింది.

మా ఇంజనీర్లు చేసింది చెప్పడానికి చిన్నదే. లూమెన్‌ను గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో చేసి, దాని పొడుగు వైపును గొట్టం చుట్టుకొలత వెంబడి తిప్పారు. గొట్టం వంగినప్పుడు కేబుల్ గోడకు అదుముకోకుండా పక్కకు, వంపు ఒత్తిడి లేని తలం వైపు జరుగుతుంది. రాపిడి తగ్గుతుంది. దీనికి మూల్యం ఉంది. పక్కపక్క లూమెన్ల మధ్య గోడ పలచబడుతుంది. షాక్ ఇచ్చేటప్పుడు ఆ కేబుళ్ల మీద 700–800 వోల్టులు ఉంటాయి. కాబట్టి ఇన్సులేషన్ తెలిసిన వాడెవడూ ఆ గోడ జోలికి పోడు. ఈ ముక్క స్పెసిఫికేషన్‌లో, అంటే ఆవిష్కరణను వివరించే దరఖాస్తు పత్రంలో, దాఖలు రోజునే ఉండడం మా అదృష్టం. ఎందుకు పలచబరిచామో, ఎంతవరకు పలచబరిస్తే ప్రమాదం లేదో ఒక పేరా ఉంది. చివరికి ఫైలు నిలిచింది ఆ పేరా మీదే.

మొదటి పరీక్షా నివేదికలో, అంటే ఎఫ్ఈఆర్‌లో, మూడు అభ్యంతరాలు వచ్చాయి. లీడ్‌ను అమర్చే పద్ధతి మీద పెట్టిన క్లెయిము (ఫలానాది మా హక్కు అని కోరే వాక్యం) పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఐ) కింద చెల్లదన్నారు. శస్త్రచికిత్స పద్ధతులకు పేటెంటు ఇవ్వరు, దాని మీద పోట్లాడడం దండగ, తీసేశాం. రెండోది సెక్షన్ 3(ఎఫ్), తెలిసిన భాగాల అమరిక మాత్రమే అని. ప్రతి భాగం తన పని తాను విడిగా చేసుకుంటూ పోతేనే ఆ సెక్షన్ తగులుతుంది. లూమెన్ ఆకారం కేబుల్ కదలికనే మారుస్తోంది కాబట్టి దానికి రెండు పేరాలు సరిపోయాయి. మూడోది అసలైంది, సెక్షన్ 2(1)(జెఏ), ఇన్వెంటివ్ స్టెప్. డి1 అని ఒక పాత లీడ్ పేటెంటు: సిలికాన్ గొట్టం, గుండ్రటి లూమెన్లు, ఈటీఎఫ్ఈ పూత కేబుళ్లు. డి2 అని ఒక అబ్లేషన్ కాథెటర్ (గుండెలో లయ తప్పించే చోటును కాల్చడానికి సిర గుండా పంపే గొట్టం) పేటెంటు: గొట్టంలో కోడిగుడ్డు ఆకారపు లూమెన్లు, వాటిలో కొసను వంచే లాగుడు తీగలు. డి1లో డి2 లూమెన్ పెడితే మీ క్లెయిము 1 వచ్చేస్తుంది, ఈ రంగంలో నిపుణుడికి ఇది తెలిసిన పనే అన్నారు.

జవాబుకు ఆరు నెలలు. పొడిగింపు కోరుతూ ఫారం 4 పెడితే ఇంకో మూడు నెలలు. గడువు ఉంది కదా అని చివరి వారంలో మొదలుపెట్టే ఫైళ్లు చాలా చూశాను. ఇలాంటి దానికి ప్రయోగాలు కావాలి, ప్రయోగానికి గొట్టాలు కావాలి, గొట్టాలు పోయించాలంటే డై చేయించాలి. ఎఫ్ఈఆర్ వచ్చిన వారంలోనే ఇంజనీర్లతో కూర్చోకపోతే పొడిగించిన గడువు కూడా చాలదు.

జవాబు రాయడంలో మొదటి పని డి2ను అక్షరం వదలకుండా చదవడం. ఎగ్జామినర్ నివేదికలో ఉండేది పేరా నంబరు, బొమ్మ నంబరు. బొమ్మలో కోడిగుడ్డు లూమెన్ కనిపిస్తుంది, నిజమే. కానీ దాని పొడుగు వైపు ఎటు తిరిగి ఉందో చూడాలి. డి2లో అది కేంద్రం నుంచి బయటికి, అంటే రేడియల్‌గా ఉంది. రెండు లాగుడు తీగలను ఒకదాని మీద ఒకటి పెట్టడానికి అలా చేశారు. పైగా తీగ పక్కకు జరిగితే కాథెటర్ కొస అనుకున్న దిక్కుకు కాకుండా పక్కకు వంగుతుంది కాబట్టి తీగ పక్కకు కదలకూడదని డి2 వివరణలోనే రాసి ఉంది. మా లీడ్ పని చేసేదే తీగ పక్కకు జరగడం వల్ల. అంటే డి2 చదివిన ఇంజనీరుకు మా దారి తెరుచుకోదు, మూసుకుంటుంది. ఈ సంగతి క్లెయిముల్లో ఉండదు, సారాంశంలో ఉండదు. ఎక్కడో తయారీ వివరాల మధ్య ఒక వాక్యంగా ఉంటుంది.

డి2 బొమ్మను స్కేలుతో కొలిచి “ఇదిగో మీ నిష్పత్తి ఇందులోనే ఉంది” అనడం అవతలివాళ్లకు, అంటే పేటెంటును వ్యతిరేకించేవాళ్లకు, అలవాటు. పేటెంటు బొమ్మలు కొలతకు గీసినవి కావు. అలా అని డి2లోనే రాసి ఉంటే ఆ వాక్యాన్ని ఎత్తి చూపాలి. లేకపోతే వివరణలో అంకెలు ఎక్కడా లేవని చూపాలి. మేము డి1, డి2, మా లీడ్ మూడింటి అడ్డుకోతలను ఒకే పేజీలో, లూమెన్ దిశను బాణాలతో చూపిస్తూ గీసి జతచేశాం. తర్వాత హియరింగులో కంట్రోలర్ (పేటెంటు ఇవ్వాలో లేదో తేల్చే అధికారి) ఎక్కువసేపు చూసింది ఆ పేజీనే. పది పేజీల వాదనకన్నా అలాంటి బొమ్మ ఒకటి ఎక్కువ పని చేస్తుంది.

ఇక నిపుణుడు ఎవరు అన్న ప్రశ్న. చట్టం చెప్పే నిపుణుడిని మనిషిగా ఊహించి నిలబెట్టకపోతే అవతలివాళ్లు తమకు కావలసినవాణ్ని నిలబెడతారు. లీడ్ల విషయంలో ఆ నిపుణుడు గుండె డాక్టరు కాదు. లీడ్ డిజైన్ ఇంజనీరు, పాలిమర్లు తెలిసినవాడు, విరిగిన లీడ్ల నివేదికలు చదివేవాడు. అతను కాథెటర్ పత్రాలు చూడడని అనడం తెలివితక్కువ. రెండూ సిరల్లో దూరే గొట్టాలే, రెండూ చేసే కంపెనీలు ఉన్నాయి. చూస్తాడనే ఒప్పుకున్నాం. చూసినా కాథెటర్ శరీరంలో ఉండేది కొన్ని గంటలే, అందులో అరుగుదల సమస్యే కాదు, కాబట్టి అరుగుదలకు మందు వెతికేవాడికి అక్కడ దొరికేదేమీ లేదు అన్నాం. రంగమే వేరు అని గోడ కట్టడం కన్నా ఇది గట్టి వాదన.

తీర్పుల విషయానికొస్తే, ఇప్పటికీ అందరూ మొదట పట్టుకునేది 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ తీర్పు. అది వంటపాత్రలు లేతు మీద తిప్పేటప్పుడు పట్టుకునే పరికరం కేసు. గుండె లీడ్ భవిష్యత్తు గిన్నెల లేతు కేసు మీద తేలడం కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది గానీ పరీక్ష చక్కటిది: పాత పత్రాన్ని ప్రయారిటీ తేదీ నాటి సమర్థుడైన ఇంజనీరు చేతికిస్తే, మన ఆవిష్కరణ గురించి తెలియకుండా, అదే సమస్యతో ఉన్నవాడు “నాకు కావలసింది ఇదే” అంటాడా? రోష్–సిప్లా కేసులో 2015లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దీన్నే అయిదు అంచెలుగా విడగొట్టింది: నిపుణుడెవరు, ఆవిష్కరణలోని మూలభావం ఏమిటి, ఆనాటి సాధారణ జ్ఞానం ఏమిటి, పాతదానికీ దీనికీ తేడా ఏమిటి, వెనక్కి తిరిగి చూసిన తెలివితో కాకుండా ముందు నుంచి చూస్తే ఆ తేడా తెలిసిపోయేదేనా. జవాబును ఈ అంచెల ప్రకారమే రాయడం మంచిది. కంట్రోలర్ ఆర్డరు రాసేటప్పుడు అదే వరుసలో ఎత్తి రాసుకోవచ్చు. ఇంకో తీర్పు అగ్రీబోర్డ్, ఢిల్లీ హైకోర్టు, 2022. ఇన్వెంటివ్ స్టెప్ లేదని తిరస్కరించేటప్పుడు పాత పత్రంలో ఏముంది, దరఖాస్తులో ఏముంది, ఒకదాని నుంచి ఇంకోదానికి నిపుణుడు ఎలా వెళ్తాడో కంట్రోలర్ విడమరిచి చెప్పాలంటుంది. దీన్ని జవాబులో మర్యాదగా ఒక వాక్యంలో గుర్తుచేస్తే చాలు, బెదిరింపులా రాయకూడదు. అమెరికాలో 2007 నాటి కేఎస్ఆర్ తీర్పును అవతలివాళ్లు తెచ్చినప్పుడు అది ఇక్కడ కట్టుబడాల్సింది కాదని కొట్టిపారేయకుండా, దాని ప్రకారమే అయినా ఫలితం ముందే ఊహించదగ్గది కాదని చూపడం మేలు.

ఫలితం ఊహించదగ్గది కాదని చూపాలంటే అంకెలు కావాలి. ఇక్కడే చాలా దరఖాస్తులు పప్పులో కాలేస్తాయి. కంపెనీలు రెగ్యులేటరీ ఫైలు కోసం చేసిన పరీక్షలనే తెచ్చి ఇస్తాయి. పేసింగ్ లీడ్ల ప్రమాణం ఈఎన్ 45502-2-1లో లీడ్ ఒంటిని 47,000 సార్లు, కనెక్టరు దగ్గర 82,000 సార్లు వంచే పరీక్ష ఉంది. ఆ పరీక్ష చూసేది లోహపు తీగ తెగిందా లేదా అని. ఇన్సులేషన్ ఎంత అరిగిందో దానికి అక్కర్లేదు. 47,000 అంటే గుండెకు సగం రోజు కూడా కాదు, వంపు పెద్దదైనా సరే. డి1 లాంటి లీడ్ కూడా ఆ పరీక్ష పాసవుతుంది. రెండూ పాసయ్యాక తేడా ఏం చూపిస్తారు? తేడా చూపాలంటే అరిగేదాకా నడపాలి, ఒకే చోట గోడ ఎంత మిగిలిందో కొలవాలి.

పోలిక ఎలా పెట్టాలో దాని మీద క్లయింటు ఇంజనీర్లతో గట్టి చర్చే నడిచింది. సిలికాన్ ఒకటే గ్రేడు, గట్టిదనం ఒకటే, కేబుల్ ఒకే స్పూలు నుంచి, గొట్టం బయటి కొలత ఒకటే. మారేది లూమెన్ ఒక్కటే. నాలుగు రకాలు పోయించాం: డి1లో లాంటి బిగుతైన గుండ్రటి లూమెన్, అడ్డుకోత వైశాల్యంలో మా కోడిగుడ్డుకు సమానమైన పెద్ద గుండ్రటి లూమెన్, డి2లో లాంటి రేడియల్ కోడిగుడ్డు, మా కోడిగుడ్డు. రెండోది లేకపోతే “మీకు మేలు చేసింది ఆకారం కాదు, ఖాళీ” అంటారు. మూడోది లేకపోతే “దిశ మార్చడంలో ఏముంది” అంటారు. మూడోదాని అరుగుదల మొదటిదానికి దాదాపు సమానంగా వచ్చింది. డి1, డి2 కలిపితే వచ్చేది మా లీడ్ కాదు, డి1 అంత చెడ్డ లీడే అని దాంతో చేతికి ఆధారం దొరికింది.

కొలతలో ఒక మెలిక ఉంది. సిలికాన్ మెత్తగా ఉంటుంది, బ్లేడు పెడితే అణిగిపోతుంది, గోడ మందం తప్పుగా కనిపిస్తుంది. ద్రవ నైట్రోజన్‌లో బిగుసుకునేలా చేసి కోయాలి, కోసిన వెంటనే కాకుండా మామూలు వేడికి వచ్చాక మైక్రోస్కోపు కింద కొలవాలి. వంచే పరీక్ష పొడిగా చేస్తే లెక్కలోకి రాదు. సిలికాన్‌కూ ఈటీఎఫ్ఈకీ మధ్య ఘర్షణ పొడిగా ఒకలా, తడిగా ఒకలా ఉంటుంది. 37 డిగ్రీల సెలైన్‌లో ముంచి, లూమెన్ లోపలికి కూడా సెలైన్ ఎక్కించి నడపాలి. పరీక్ష నివేదికలో ఇవన్నీ రాయాలి. రాయని ప్రతి విషయం అవతలివాళ్లకు ఒక ప్రశ్న.

దాఖలు తర్వాత చేసిన పరీక్షను కంట్రోలర్ లెక్కలోకి తీసుకుంటాడా అని చాలామంది అడుగుతారు. స్పెసిఫికేషన్‌లో ముందే చెప్పిన ప్రభావాన్ని బలపరిచేదైతే పట్టు దొరుకుతుంది. అందులో లేని కొత్త ప్రభావాన్ని ఇప్పుడు తెచ్చి నిలబెట్టబోతే నిలవదు. మా స్పెసిఫికేషన్‌లో గుండ్రటి లూమెన్‌తో పోలిక, రాపిడి తగ్గడానికి కారణం రెండూ ఉన్నాయి కాబట్టి రేడియల్ గొట్టం ఫలితం దాని పక్కన చక్కగా కూర్చుంది.

క్లెయిముల దగ్గర మాత్రం వెనక్కి తగ్గాల్సి వచ్చింది. దాఖలు చేసిన క్లెయిము 1లో లూమెన్ పొడుగు కొలత కేబుల్ వ్యాసానికి 1.5 నుంచి 2.5 రెట్లు అని ఉంది. పరీక్ష ఉన్నది 1.8 దగ్గర ఒక్కచోటే. ఇంత వెడల్పు పరిధికి ఒక్క చుక్క ఆధారమా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఇంకో దేశంలో అయితే వివరణలోంచి ఏదో ఒకటి ఎత్తుకొచ్చి క్లెయిములో పెట్టొచ్చు. మన సెక్షన్ 59 ప్రకారం సవరించిన క్లెయిము పాత క్లెయిము పరిధిలోనే పూర్తిగా ఇమడాలి, చేర్చేది స్పెసిఫికేషన్‌లో ముందే ఉండాలి. అదృష్టవశాత్తూ 1.7 నుంచి 2.0 అని ఒక ఆధారిత క్లెయిము (క్లెయిము 1కి అదనపు షరతు చేర్చేది), లూమెన్ల మధ్య గోడ కనీస మందం మీద ఇంకో ఆధారిత క్లెయిము దాఖలు రోజునే ఉన్నాయి. రెండూ పైకి ఎక్కించి, కొత్త క్లెయిము 1 కట్టాం. కోడిగుడ్డు లూమెన్ ఉన్న లీడ్లన్నీ మాకే అన్న ఆశ అక్కడితో పోయింది. ఆ పోలిక గొట్టాలు చూశాక అంత పెద్ద క్లెయిము మాకు దక్కాల్సింది కాదనే నా అభిప్రాయం కూడా.

ఇదే దరఖాస్తు యూరప్, అమెరికాల్లో కూడా నడుస్తుంటే ఒక జాగ్రత్త. అక్కడి ఏజెంటు డి2 గురించి రాసిన ప్రతి వాక్యం ఇక్కడికి వస్తుంది. అక్కడ “రంగమే వేరు” అని, ఇక్కడ “రంగం ఒకటే గానీ బోధన వేరు” అని రాస్తే అవతలివాళ్లు రెండూ పక్కపక్కన అచ్చేసి పెడతారు. ముసాయిదాలు ముందే ఇచ్చిపుచ్చుకోవాలి.

ఎఫ్ఈఆర్ జవాబు పెట్టాక, హియరింగుకు ముందు, సెక్షన్ 25(1) కింద ముందస్తు వ్యతిరేకత పడింది. పేటెంటు మంజూరు (గ్రాంటు) కాకముందు ఎవరైనా వేయొచ్చు, సొంత ప్రయోజనం చూపక్కర్లేదు. అందుకే వెనక ఉన్న పోటీదారు కనబడకుండా ఎవరో ఒక వ్యక్తి పేరు మీద వస్తుంది. 2024 సవరణల తర్వాత దీనికి ఫీజు కట్టాలి, విచారించదగ్గదేనా అని కంట్రోలర్ ముందు చూడాలి. నోటీసు అందాక దరఖాస్తుదారు జవాబుకు ఇప్పుడు రెండు నెలలే. ఇంతకుముందు మూడు ఉండేవి. పేటెంట్ ఆఫీసు దరఖాస్తును పరీక్షించడం వేరు, వ్యతిరేకత వేరు అని 2024 జనవరిలో నోవార్టిస్–నాట్కో కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం చెప్పింది కాబట్టి కంట్రోలర్‌తో నడిచే పరీక్షలో వ్యతిరేకించేవాళ్లు కూర్చోలేరు.

వ్యతిరేకతలో కొత్తగా వచ్చింది డి3, బయటికి వచ్చిన కేబుళ్ల మీద ఒక వైద్య పరిశోధన వ్యాసం. లూమెన్ లోపల కేబుల్ కదలికే అరుగుదలకు కారణమని అందులో ఉంది. కారణం తెలిశాక కేబుల్‌కు చోటివ్వడం ఎవరికైనా తడుతుంది అన్నది వాళ్ల వాదన. పైకి చూస్తే బలంగానే ఉంది. దీనికి జవాబు దొరికింది చట్టం పుస్తకాల్లో కాదు. బెంగళూరులో పాత లీడ్లు బయటికి తీసే ఒక ఎలక్ట్రోఫిజియాలజీ (గుండె లయ వైద్యం) డాక్టరు గారి దగ్గర డి3 చదివి వినిపిస్తుంటే ఆయన మధ్యలో ఆపి, “ఏమండీ, తీగ ఆడబట్టే అరిగిందంటున్నాడు కదా. అలాంటప్పుడు ఎవడైనా బిగిస్తాడు గానీ ఇంకా వదులు చేస్తాడా?” అన్నారు. జవాబుకు వెన్నెముక అదే. డి3 చెప్పిన కారణాన్ని నమ్మినవాడు లూమెన్ తగ్గిస్తాడు, గోడ మందం పెంచుతాడు, లేదా పైన గట్టి తొడుగు వేస్తాడు. ఆ కాలంలో వచ్చిన డిజైన్లు తొడుగు దారే పట్టాయి. కదలికను ఆపకుండా దాని దిక్కు మార్చడం డి3లో ఎక్కడా లేదు.

అఫిడవిట్ ఎవరితో ఇప్పించాలన్న దాని మీద ఒక మాట. పెద్ద పేరున్న ప్రొఫెసరు కన్నా విఫలమైన లీడ్లు కోసి చూసిన ఇంజనీరు మేలు. “నా అభిప్రాయంలో ఇది తెలిసిపోయేది కాదు” అని రాయించడం వృథా, అది కంట్రోలర్ తేల్చాల్సిన సంగతి. ప్రయారిటీ తేదీకి ముందు అరుగుదల కనబడితే తమ బృందం ఏం చేసేది, లూమెన్ల మధ్య గోడ పలచబరచాలని ఎవరైనా అంటే ఏం జవాబు వచ్చేది, ఎందుకు అని రాయించాలి. ప్రతి వాక్యానికి కాలం ఉండాలి. ఈనాటి జ్ఞానం అందులోకి జారితే అఫిడవిట్ మొత్తం అనుమానంలో పడుతుంది. డాక్టరు గారి అఫిడవిట్‌ను మేము ఒక్క విషయానికే పరిమితం చేశాం: బయటికి తీసిన లీడ్లలో కేబుల్ గోడను ఏ వైపు కోసింది. పాలిమర్ల గురించి ఆయనతో ఒక్క ముక్క రాయించలేదు.

వ్యతిరేకించినవాళ్లు అదే పత్రంలో ఇంకో వాదన కూడా పెట్టారు. కోడిగుడ్డు లూమెన్ ఉన్న సిలికాన్ గొట్టం పోయడం కష్టం, గట్టిపడేలోపు ఆకారం కుంగిపోతుంది, ఎలా చేయాలో స్పెసిఫికేషన్ చెప్పలేదు అని. నిపుణుడికి ఇట్టే తట్టే పని అంటూనే నిపుణుడికి చేతకాదనడం అన్నమాట. రెండింటినీ పక్కపక్కన చూపి ఊరుకున్నాం.

హియరింగులు వీడియోలోనే జరుగుతున్నాయి, గిండీ జీఎస్‌టీ రోడ్డు ఆఫీసుకు వెళ్లక్కర్లేదు. ఒకటే ఇబ్బంది, తెర మీద నమూనా చూపించలేం. గొట్టాల ఫోటోలు ముందే దాఖలు చేసి పేజీ నంబరుతో చూపించాలి. హియరింగులో చెప్పినదంతా 15 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆర్డరులో కనిపించేది చాలావరకు ఆ రాతే. కంట్రోలర్ అడిగినది పనికొచ్చే ప్రశ్న: గోడ పలచబడినా వోల్టేజీ తట్టుకుంటుందని స్పెసిఫికేషన్‌లో ఎక్కడుంది? పైన చెప్పిన పేరా నంబరు చదివాం. ఆ పేరా లేకపోతే ఇన్సులేషన్ నిపుణుడు గోడ ముట్టుకోడన్న మా వాదనే మాకు ఎదురు తిరిగేది, పనిచేయని లీడ్‌కు పేటెంటు అడుగుతున్నారా అని.

వ్యతిరేకత కొట్టేసి, కుదించిన క్లెయిములతో గ్రాంటు ఇచ్చారు. తిరస్కరించి ఉంటే సెక్షన్ 117ఎ కింద మూడు నెలల్లో మద్రాసు హైకోర్టుకు అప్పీలు. 2021లో ఐపీఏబీ (మేధో సంపత్తి అప్పీళ్లు వినే బోర్డు) రద్దయ్యాక ఇవన్నీ హైకోర్టులకే వెళ్తున్నాయి. ముందస్తు వ్యతిరేకతలో ఓడినవాళ్లకు మాత్రం ఆ అప్పీలు లేదు. సంబంధిత వ్యక్తి అయితే గ్రాంటు ప్రచురణ నుంచి ఏడాదిలోపు సెక్షన్ 25(2) కింద మళ్లీ రావచ్చు. ఈసారి ముసుగు పేరు పనికిరాదు, ప్రయోజనం చూపాలి. ముగ్గురు సభ్యుల అపోజిషన్ బోర్డు చూస్తుంది. పేటెంటుదారు జవాబుకు రెండు నెలలు, దానిమీద వాళ్ల సాక్ష్యానికి ఒక నెల, ఆ తర్వాత కొత్త సాక్ష్యం కంట్రోలర్ అనుమతిస్తేనే.

ఆ ఏడాది కోసం క్లయింటు చేత చేయించినవి ఇవి: నాలుగు రకాల గొట్టాల్లో పరీక్షలో నడపని ముక్కలను ఎక్స్‌ట్రూషన్ లాట్ (ఒకేసారి పోసిన గొట్టాల) నంబరుతో సహా దాచడం, పరీక్ష యంత్రం క్యాలిబ్రేషన్ పత్రాలు ఆ తేదీలవే ఉంచడం, కోసిన అడ్డుకోతల అసలు ఫోటో ఫైళ్లను మార్చకుండా పెట్టడం. అవతలివాళ్లు తమ సొంత పరీక్షతో వస్తే అదే లాట్ గొట్టంతో తిరిగి నడిపి చూపించగలగాలి. సిలికాన్ లాట్ మారితే గట్టిదనం కొంచెమైనా మారుతుంది, అప్పుడు పాత అంకెలకూ కొత్త అంకెలకూ పొత్తు కుదరదు.